వచ్చినవాళ్ళ లెక్క

భోజనాల బల్ల మీద కాగితాలున్నంత మాత్రాన ఇంట్లో ఎవరూ పస్తులుండటం లేదు కదా అనుకుంది, పైకి అనలేదు, అంటే గొడవ మళ్ళీ మొదటికొస్తుంది, పదకొండు రోజులుగా ఇదే, పదకొండు అని ఆయన వేళ్ళు మడిచి మరీ చెప్తున్నాడు, సోఫాలో కూర్చుని ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని తింటే ఏది ఎటు జారుతోందో తెలియడం లేదట, నిన్న చొక్కా మీద మరక పడిందట, ఆ చొక్కా తెచ్చి కోర్టులో సాక్ష్యంలా చూపించాడు కూడా, అత్తయ్య నాకేం ఇబ్బంది లేదమ్మా అంటూనే ఇంకో దిండు తెచ్చుకుని పళ్ళేనికి ఎత్తు పెట్టుకుంటోంది, ఆవిడ ఇబ్బంది లేదందంటే ఉన్నట్టే, ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆ మాత్రం అర్థమైంది, కూతురేమో ఇదే బాగుంది నాన్నా, టీవీ చూస్తూ తినొచ్చు అంది, నిన్నెవరడిగారు అన్నాడాయన, అడిగితేనే మాట్లాడాలా అంది అది, ఇవన్నీ వింటూనే ఆమె ఆరో కుప్పలోంచి జారిన కాగితాన్ని మళ్ళీ ఆరో కుప్పలోకి తోసింది, తొమ్మిది కుప్పలు, దరఖాస్తుకి తొమ్మిది అనుబంధాలు, రన్‌వే పటం ఒకటి, కాంట్రాక్టర్ల అంచనాలు ఒకటి, ప్రయాణికుల లెక్క ఒకటి, వీటిలో ఏది కదిలినా తన బుర్రలో ఇంకోటి కూలుతుందని వీళ్ళకెలా చెప్పడం, ఆఫీసులో చేసుకోవచ్చుగా అంటాడు, ఆఫీసంటే మహలనుకుంటున్నాడు, చిన్న నగరపు విమానాశ్రయంలో మేనేజరు గదంటే సగం గోడౌను, ఎవరూ వచ్చి అడగని పెట్టెలు, చక్రం ఊడిన చక్రాల కుర్చీ, చుట్ట చుట్టిన పాత తివాచీ, వాటి మధ్య ఒక కుర్చీ, అందులో తను, మీ పని బల్ల మీద ఎవరైనా చెయ్యి పెడితే ఊరుకుంటారా అని అడిగింది చివరికి, ఆయన కట్టుడు పళ్ళు చేసే మనిషి, ఆయన బల్ల నిండా జనం దవడల అచ్చులు నోళ్ళు తెరుచుకుని వరసగా ఉంటాయి, అది వేరు అన్నాడు, ఎలా వేరు అంది, నా బల్ల మీద ఎవరూ అన్నం తినరు అన్నాడు, అత్తయ్య కిసుక్కున నవ్వింది, తనకీ నవ్వొచ్చింది గాని ఇప్పుడు నవ్వితే ఓడిపోయినట్టేనని మొహం తిప్పుకుంది, రేపు మధ్యాహ్నం పన్నెండింటికి గడువు, అందాకా దాన్ని ముట్టుకున్నారంటే ఊరుకోను అని చెప్పులేసుకుంది.

బస్సు కిటికీ అవతల అంతా మంచు, దీపపు స్తంభాలకి కింది సగం లేదు, ఇవాళ కూడా విమానం దిగకపోతే వరసగా రెండో రోజు, నిన్న ఒక పొడుగాటాయన కౌంటరు మీద గుద్ది మీరు విమానాశ్రయం నడుపుతున్నారా పొగమంచు నడుపుతున్నారా అని తిట్టాడు, తిట్టు బాగుందని అప్పుడే అనిపించింది, అంత బాగా ఒక్క వాక్యం దరఖాస్తులో రాయలేకపోతోంది తను, విమానయాన శాఖ చిన్న విమానాశ్రయాలకి ఏటా గ్రాంటు ఇస్తుంది, తను అడుగుతున్నది దీపాలు, రన్‌వే మొదలయ్యే చోటుకి ముందు అర కిలోమీటరు పొడుగున వరసగా పాతే దీపాలు, అవి ఉంటే మంచులో పైలట్‌కి నేల ఎక్కడుందో తెలుస్తుంది, లేకపోతే పైన రెండు చుట్లు తిరిగి వచ్చినదారినే పోతాడు, ఇంత చిన్న సంగతికి అరవై నాలుగు పేజీలు, అన్నీ నిండాయి, ఇరవయ్యో పేజీలో ఒక గడి తప్ప, ఈ పని ఎందుకు అవసరమో మీ మాటల్లో రాయండి అని ఉంది అక్కడ, మీ మాటల్లో అనేసరికి చెయ్యి ఆగిపోతోంది, ప్రాంతీయ అభివృద్ధికి దోహదపడుతుంది అని రాసింది, కూతురు భుజం మీంచి చూసి ఇవి నీ మాటలా అమ్మా, నువ్వెప్పుడైనా దోహదం అన్నావా అంది, కొట్టేసింది, విమానం నడిపేది ఒకే ఒక్క కంపెనీ, రోజుకొక్క విమానం, నలభై సీట్లు, ఈ ఏడాది దీపాలు మంజూరు కాకపోతే వచ్చే చలికాలం నుంచి నడపలేమని ఉత్తరం రాశారు, ఎంతో మర్యాదగా రాశారు, విమానం ఆగితే తలుపులు మూసుకోవడమే, ముప్ఫై ఒక్క మంది బతుకులు, తను ముప్ఫై రెండోది, అయినా గ్రాంటు ఎందుకు రాదు, ఏడాదికి పదివేల మంది ఎక్కితే చాలు ఖర్చంతా శాఖే భరిస్తుంది, మనకి పదివేల నాలుగువందల పన్నెండు, అంచు మీద నిలబడ్డా నిలబడ్డట్టే, తెచ్చి తీరాలి, ఎవరి కాళ్ళు పట్టుకోకుండా, కాగితాలతోనే, అని పెదవి బిగించి స్టాపు దాటిపోయాక చూసుకుంది, దిగి పది నిమిషాలు వెనక్కి నడిచింది.

తలుపు దగ్గర టిక్కుగారు నమస్తే మేడమ్ అన్నాడు, చేతిలో ఆ చిన్న మిషను, బొటనవేలితో నొక్కితే టిక్కుమని ఒక అంకె ముందుకి జరుగుతుంది, తొమ్మిదేళ్ళ కిందట అప్పటి మేనేజరు దాన్ని ఈయన చేతిలో పెట్టి ప్రయాణానికి వచ్చిన ప్రతి మనిషినీ లెక్కపెట్టు, ఒక్కరు తప్పకూడదు అన్నాడట, అప్పట్నించీ ఒక్కరు తప్పలేదు, సాగనంపడానికి వచ్చినవాళ్ళని నొక్కడు, ఒళ్ళో పిల్లల్ని నొక్కడు, మధ్యలో టీకని బయటికెళ్ళి వచ్చినవాళ్ళని మొహం గుర్తుపట్టి నొక్కడు, అసలు పేరు జీతాల పట్టీలో తప్ప ఎక్కడా లేదు, ఆయన భార్య కూడా ఫోన్ చేసి టిక్కుగారున్నారా అంటుంది, అంత నిక్కచ్చి మనిషి, ఆ పక్కన నిలబడి ఆమె మంచులోకి చూస్తోంది, కారొకటి ఆగింది, నిన్నటి పొడుగాటాయన దిగాడు, ఆమెని చూసి కొంచెం సిగ్గుపడ్డాడు, మళ్ళీ నేనేనండీ, ఇవాళైనా ఎక్కిస్తారా, మొహాలు చూసుకుని పోవడమేనా అన్నాడు, చూద్దామండీ, కాసేపట్లో తేలుతుంది అంది, ఆయన లోపలికి అడుగుపెట్టాడు, టిక్కు, ఆ చప్పుడు రోజూ వినేదే, నాలుగేళ్ళుగా వింటున్నదే, ఇవాళెందుకో చెవిలో ముల్లులా దిగింది, టిక్కుగారూ, ఆయన్ని నిన్న కూడా నొక్కారా అంది, నొక్కాను మేడమ్, నిన్న ఎక్కలేదు కదా ఆయన, లేదు మేడమ్, విమానమే దిగలేదు కదా, మరి ఇవాళ మళ్ళీ నొక్కారు, వచ్చారు కదా మేడమ్ అన్నాడు, వచ్చిన మనిషిని రాలేదని ఎలా అనుకుంటాం అన్నట్టు చూశాడు, నిన్నటి రాక నిన్నటిది, ఇవాళ్టిది ఇవాళ్టిది, అంతే కదా అన్నాడు, అంతే, అంతే కదా, కానీ శాఖ అడిగేది ఎక్కినవాళ్ళ లెక్క కదా అని ఆమెకి అప్పుడు తట్టింది, పైన ఎక్కడో విమానం మోత, హాల్లో ఉన్న ముప్ఫై మందీ తలలెత్తి కప్పుకేసి చూశారు, కప్పు అవతల కనిపిస్తుందేమోనన్నట్టు, మోత ఒక చుట్టు తిరిగింది, రెండో చుట్టు తిరిగింది, సన్నబడింది, పోయింది, పొడుగాటాయన ఇవాళ ఎవర్నీ తిట్టలేదు, పెట్టె హాండిలు పైకి లాగి బయటికి నడిచాడు, దానికన్నా తిడితేనే బాగుండేది.

విమానం ఎక్కేటప్పుడు చించి ఉంచుకునే చీటీ ముక్కల్ని కౌంటరు పిల్ల రోజుకొక కట్టగా రబ్బరు బ్యాండు వేసి పైన అంకె రాసి అట్టపెట్టెల్లో దాస్తుంది, ఎందుకు దాస్తుందో దానికీ తెలీదు, పారేయమని ఎవరూ చెప్పలేదు కాబట్టి, ఏడాది కట్టలన్నీ బయటికి తియ్యి అంది, ఇప్పుడా మేడమ్, ఇప్పుడే, ఒకరు చదవడం ఒకరు కాలిక్యులేటరు మీద నొక్కడం, ముప్ఫై ఎనిమిది, ముప్ఫై, ఇరవై ఆరు, ఇరవై తొమ్మిది, కౌంటరు పిల్ల గొంతు బడిలో ఎక్కాలు చదివినట్టు సాగుతోంది, మూడువందల పైచిలుకు కట్టలు, తలుపు దగ్గరి అంకె తాము శాఖకి పంపుతారు, ఎక్కినవాళ్ళ అంకె కంపెనీ తన పెద్దాఫీసుకి పంపుకుంటుంది, తొమ్మిదేళ్ళలో ఆ రెండు కాగితాలూ ఒక బల్ల మీద పక్కపక్కన పడలేదు, ఎవరికీ తోచలేదు, తనకీ తోచలేదు, తోచాల్సింది తనకే కదా, ప్రతి ఏడూ లాగే తలుపు దగ్గరి అంకె, పదివేల నాలుగువందల పన్నెండు, దాని కింద ప్రతి ఏడూ లాగే తన సంతకం, ఎంత వంకర లేకుండా పెట్టేదో, మొత్తం చెప్పండి మేడమ్ అంది కౌంటరు పిల్ల, ఎనిమిది వేల తొమ్మిదివందల అరవై, మళ్ళీ వేద్దామా అంది పిల్ల, మళ్ళీ వేశారు, అదే, పద్నాలుగువందల యాభై రెండు మంది లేరు, లేకపోవడమేంటి, ఉన్నారు, వచ్చారు, పెట్టెలు ఈడ్చుకుంటూ వచ్చారు, ఎక్కలేదు.

నగరసభ కార్యదర్శికి చెప్పక తప్పదు, విమానాశ్రయం నగరసభదే, దరఖాస్తు ఆయన చేతి మీదుగానే పోవాలి, ఆయన ఫోన్లో అంతా విన్నాడు, గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడు వినపడింది, తర్వాత మేడమ్, ఇప్పుడీ సంగతి మీకూ నాకూ తప్ప ఎవరికి తెలుసు అన్నాడు, కౌంటరు పిల్లకి తెలుసు అంది, ఆ పిల్లకేం అర్థమవుతుందండీ అన్నాడు, బాగానే అర్థమైంది అంది, చూడండి మేడమ్, మీరేం కొత్తగా కల్పించలేదు, తొమ్మిదేళ్ళుగా పోతున్న అంకే, ఇప్పుడు పదివేలకి తగ్గితే నాలుగో వంతు ఖర్చు మన నగరసభ పెట్టుకోవాలి, మన సభ్యుల సంగతి మీకు తెలీందా, మూడు వీధుల్లో పంపులకే ఏడాది పోట్లాడుకున్నారు, నలభై మంది ఎక్కే విమానానికి దీపాలా అంటారు, ఫైలు అటక మీదకి పోతుంది, ముప్ఫై మంది వీధిన పడతారు, పోనీ అవన్నీ వదిలెయ్యండి, నాలుగేళ్ళు తప్పు లెక్క మీద సంతకం పెట్టానని మీ చేత్తో మీరే రాసిస్తారా, కళ్ళు మూసుకుని పంపెయ్యండి, నేను ఫోన్ పెట్టేస్తున్నాను, నాకేం వినపడలేదు అన్నాడు, పెట్టేశాడు, చెడ్డవాడు కాదు, అదే చిక్కు, చెడ్డవాడైతే ఎదిరించి గెలిచినట్టుండేది, ఆయన చెప్పినదాంట్లో ఒక్క ముక్క అబద్ధం లేదు, కళ్ళు మూసుకుంటే ఎంతసేపు, రేపు పన్నెండింటి దాకా, తర్వాత తెరుచుకోవచ్చు, దీపాలొస్తాయి, ఎవరి నోటి దగ్గరి కూడూ పోదు, మంచి పనికే కదా, తన కోసమా, కొంచెం తన కోసం కూడా, కాదనడమెందుకు, యాభైకి దగ్గర పడ్డాక సంజాయిషీ కాగితం రాసుకోవడం ఎవరికి బాగుంటుంది, ఇలా అటూ ఇటూ ఊగుతుండగా తలుపు చప్పుడైంది, టిక్కుగారు, ఎప్పుడూ గదిలోకి రాని మనిషి, కౌంటరు పిల్ల చెప్పేసినట్టుంది, మిషను తెచ్చి ఆమె ముందు పెట్టాడు, నేను తప్పు నొక్కానా మేడమ్ అన్నాడు, మొహం అంతా ఆ ప్రశ్నే ఉంది, లేదండీ అంది, తొమ్మిదేళ్ళు మేడమ్, జ్వరమొచ్చినా వచ్చాను, తప్పయితే తప్పని చెప్పండి, తప్పు కాదు టిక్కుగారూ, మీరు దాన్ని తీసుకెళ్ళండి అంది, మరి ఎవరిది తప్పు అని ఆయన అడగలేదు, అడిగితే ఏం చెప్పేదో ఆమెకి తెలీదు, తప్పు కాదని ఎందుకంత గట్టిగా అందో కూడా తెలీదు, నోటంట వచ్చేసింది, వచ్చిన మాట లోపల కూర్చుని కదలనంటోంది.

ఇంటికొచ్చేసరికి ఆరున్నర, ముందు గదిలో ఆయన ఒక కొత్త పన్నుని దీపానికి ఎత్తి పట్టుకుని ఒంటికన్నుతో చూస్తున్నాడు, పని ఇంటికి తెచ్చాడు, తెచ్చి ఆమెని దెప్పుతున్నట్టు సోఫా చేతి మీద పరిచాడు, ఏమైందోయ్ మొహం అలా ఉంది అన్నాడు, ఏం లేదు అంది, ఏం లేదంటే మా అమ్మ ఇబ్బంది లేదన్నట్టుంది అన్నాడు, ఆమె వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి చేతులు కడుక్కుంటూ ఉండిపోయింది, పద్నాలుగువందల యాభై రెండు, పద్నాలుగువందల యాభై రెండు, ఒట్టి అంకెగా ఉన్నంతసేపు దాన్ని మింగెయ్యొచ్చు, కానీ ఆ పొడుగాటాయన కోటు, పెట్టె హాండిలు లాగిన చప్పుడు, పోయిన చలికాలంలో ఆ తలుపులోంచే ఇంకెవరో చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని తెల్లారి ఐదు నుంచి, ఎవరు, అత్తయ్య, అత్తయ్యే కదా, అంచు చీర కట్టుకుని, మడమలు నొక్కే కొత్త చెప్పులు వేసుకుని, వాళ్ళ అన్నయ్యని చూడటానికి రాజధానికి బయల్దేరింది, మొదటిరోజు మంచు, రెండోరోజు మంచు, టిక్కుగారు రెండు రోజులూ అమ్మగారూ నమస్కారం అని తలుపు పట్టుకుని, నొక్కి, రెండుసార్లు నొక్కి, ఒక్కసారీ ఎక్కని అత్తయ్య తమ పదివేల నాలుగువందల పన్నెండులో ఇద్దరు, ఇంటికొచ్చి ఆ విమానానికి నేనంటే పడదే అమ్మాయ్ అని నవ్వించింది, అందరూ నవ్వారు, తనూ నవ్వింది, మూడోసారి టిక్కెట్టు తీస్తానంటే వద్దంది, భయమనుకున్నారు, ఏడాది కావొస్తోంది, కుళాయి కట్టేసి వెనక్కి తిరిగితే అత్తయ్య గుమ్మంలో నిలబడి నీళ్ళన్నీ పోతున్నాయమ్మా అంటోంది, అత్తయ్యా, మీరు మూడోసారి ఎందుకు వెళ్ళలేదు అని అడిగింది, ఎక్కడికి అంది ఆవిడ, మామయ్యగారి దగ్గరికి, మీ అన్నయ్య దగ్గరికి, ఇప్పుడెందుకది అంది, చెప్పండి, భయమేసిందా, భయమా, నాకా అంది ఆవిడ, గ్యాసు పొయ్యి మీద లేని మరకని కొంగుతో తుడిచింది, రెండోరోజు వెనక్కొచ్చాక అన్నయ్యకి ఫోన్ చేశానమ్మా, వాళ్ళ కోడలు ఎత్తింది, రెండు రోజులూ అన్నయ్య అక్కడ విమానాశ్రయానికి వచ్చి కూర్చున్నాడట, చెల్లెల్ని నేనే తీసుకొస్తానని, ఎవరు చెప్పినా వినకుండా, మొదటిరోజు నాలుగు గంటలు, రెండోరోజు ఐదు గంటలు, ఆ ఇనప కుర్చీల్లో, ఎనభై రెండేళ్ళ మనిషి, మూడోసారి కూర్చోబెడితే నేను చెల్లెలినేనా అనిపించింది, అందుకని నాకే రావాలని లేదు అన్నయ్యా అనేశాను, అలిగాడు, మూడు వారాలు మాట్లాడలేదు, తర్వాత మామూలే, అంది, అంతే, చెప్పేసి కూరగిన్నె మూత తీసి చూసి మళ్ళీ పెట్టింది.

ఆమె గట్టుకి ఆనుకుని నిలబడిపోయింది, అంటే అవతల కూడా ఉన్నారు, వెనక్కి పోయిన ప్రతి ఒక్కరికీ అవతల ఒకరు కుర్చీలో కూర్చుని ఉంటారు, వాళ్ళని నొక్కే మిషను ఎక్కడా లేదు, ఉన్నది మన తలుపు దగ్గరొక్కటే, అది ఉన్నదున్నట్టు చెప్తూనే ఉంది, ఇంతమంది వచ్చారు, ఇంతమంది వచ్చారు అని తొమ్మిదేళ్ళుగా చెప్తోంది, ఎక్కారు అని దానికి పేరు పెట్టింది మనం, టిక్కుగారి లెక్కలో తప్పు లేదు, మనం పెట్టిన పేరులో ఉంది తప్పు, ఆ రెండు అంకెల మధ్య ఖాళీని కప్పెట్టి దాని మీద నిలబడి దీపాలు అడుగుదామనుకుంటోంది తను, కానీ ఆ ఖాళీలోనే కదా దీపాలు పెట్టాల్సింది, పొడుగాటాయన, అత్తయ్య, పేర్లు తెలియని మిగతావాళ్ళంతా, వాళ్ళని ఎక్కినవాళ్ళలో కలిపేస్తే ఇంక అడగడానికి ఏం మిగిలింది, అందరూ ఎక్కేస్తుంటే దీపాలెందుకు, ఇరవయ్యో పేజీ, మీ మాటల్లో రాయండి, ఇన్నాళ్ళూ రాయలేకపోయింది మాటలు లేక కాదు, కారణాన్ని తనే ఇంకో పేజీలో దాచేసింది కాబట్టి, మాటలు ఇప్పుడు వాటంతటవే వరసలో నిలబడ్డాయి, ఎవరికీ దోహదపడకుండా, మామూలుగా, ఈ ఏడాది ఇంతమంది మా తలుపు దాకా వచ్చి వెనక్కి పోయారు, వాళ్ళు ఎక్కాలని, అంతే, రెండే వాక్యాలు, ఇప్పుడు అటూ ఇటూ ఊగడం లేదు, భయం ఎక్కడికీ పోలేదు, పోవాలని చూసుకోవడం కూడా మానేసింది, చేతులు తుడుచుకుని ముందు గదిలోకి వెళ్ళింది, ఆయన పన్నుని డబ్బాలో పెడుతున్నాడు, కూతురు కాళ్ళు ముడుచుకుని టీవీ ముందు, అత్తయ్య వెనకే వచ్చి దిండు సర్దుకుంది, అందరూ ఉన్నప్పుడే ఒక మాట చెప్తాను అంది, గొంతు పెంచలేదు, కూతురు ఎందుకో టీవీ కట్టేసింది, ఇన్నేళ్ళూ మేం పంపిన అంకె తప్పని రేపు రాసి పంపుతున్నాను, నాలుగేళ్ళు చూసుకోకుండా సంతకం పెట్టింది నేనేనని కూడా రాస్తున్నాను, దాంతో నాలుగో వంతు నగరసభ పెట్టుకోవాల్సొస్తుంది, సోమవారం నేనే వెళ్ళి అడుగుతాను, కాదంటే వచ్చే సోమవారం మళ్ళీ వెళ్తాను, నా ఉద్యోగానికి ఏమైనా అవొచ్చు, మీకు ముందే తెలియాలని చెప్తున్నాను, ఎక్కినవాళ్ళు ఎనిమిది వేల తొమ్మిదివందల అరవై, తలుపు దాకా వచ్చి ఎక్కకుండా వెనక్కి పోవడం పద్నాలుగువందల యాభై రెండు సార్లు, నేను దీపాలడుగుతున్నది ఆ వెనక్కి పోయినవాళ్ళ కోసం, అంది.